చిలప నూలు లెక్క ఎచ్చట తీయవలెను?

సంఘమునకు చీర తెచ్చిన నేతగానికి మనము కూలి ఎట్లు కట్టుచున్నాము? మడత విప్పి, పొడవు, పన్నా కొలిచి, అంచు చూచి, తూకము వేసి, ఆ పిమ్మటనే పద్దు వ్రాయుచున్నాము. నూలు ఇచ్చితిమి గనుక చీర వచ్చినట్లే యని ఏ గుమాస్తాయు వ్రాయడు. ప్రభుత్వము వారి పథకములకును ఈ నియమమే వర్తింపవలెనని నా మనవి.

ఏ పథకమునకైనను మూడు దశలు కలవు. మొదటిది రూపొందించుట, రెండవది నడుపుట, మూడవది ఫలితము చూచుట. చేనేత విషయమున మొదటి దశకు ఎన్నడును లోటు రాలేదు. 1953లో మిల్లు బట్ట మీద గజమునకు 3 దమ్మిడీల అదనపు సుంకము విధించి, ఖద్దరు, చేనేతల అభివృద్ధికి నిధి కూర్చిరి. 1985లో కొన్ని రకముల బట్టలు చేనేతకే చెందవలెనని పార్లమెంటు చట్టము చేసినది. దాని క్రింద తొలుత 22 రకములు చేర్చిరి. వ్యాజ్యములు నడువగా 1993లో సుప్రీముకోర్టు ఆ చట్టము చెల్లునని తీర్పు చెప్పినది. 1996లో ఆ రకములను 11కు తగ్గించిరి.

ఇక మన ఇంటింటికిని సంబంధించిన చిలప నూలు సంగతి చూడుడు. మగ్గమునకు నూలు చిలపలుగా రావలెను. అద్దకమునకు, గంజి పెట్టుటకు, ఆడవారు రాట్నముపై కండెలు చుట్టుటకు అదియే అనుకూలము. మరమగ్గమునకు కోను నూలు కావలెను. మిల్లులకు కోను చుట్టుటయే లాభము గనుక, చిలపలు కరవు కాకుండ ప్రభుత్వము ఒక నిబంధన పెట్టినది. దేశములో అమ్మకమునకు కట్టు నూలులో సగము చిలపలుగా ఉండవలెనని అందు కలదు. 2003లో ఆ సగమును నూటికి 40 పాళ్లు చేసిరి. 2019లో 30 పాళ్లు చేసిరి.

నిబంధన మంచిదే. కాని దాని ఫలితము ఎచ్చట కొలుచుచున్నారు? మిల్లు గేటు వద్ద. ఇన్ని చిలపలు కట్టితిమని మిల్లు లెక్క పంపినచో బాధ్యత తీరినట్లే. తన వంతును మరియొక మిల్లుచేత కట్టించి తీర్చుకొనుటకును వీలు కలదు. ఆ చిలప ఏ ఊరికి పోయినది, ఎవరి మగ్గమెక్కినది అను ప్రశ్నకు ఆ లెక్కలో గడి లేదు. పూర్వము చిలప నూలుకు ఎక్సైజు సుంకము మినహాయింపు ఉండుటచే, దానిని కొని, తిరిగి కోనులకు చుట్టి మరమగ్గములకు మళ్లించుట జరిగినది. కాగితము మీద నూలు మనది, బట్ట మరియొకరిది. మరమగ్గముల వారిని దూషించుట నా ఉద్దేశ్యము కాదు. షోలాపురమున, భివండిలో మన బంధువులెందరో వాని మీదనే బ్రతుకుచున్నారు. లెక్క తీసిన చోటు తప్పు అనియే నేను చెప్పునది.

కొలత మారినచో ఫలితమును మారి కనబడును. దీనికి మరియొక నిదర్శనము చేనేత జనగణన. 2009-10 లెక్కలో దేశమున మగ్గములు 23.77 లక్షలు, 2019-20 లెక్కలో 28.20 లక్షలు. ఇది మాత్రమే చూచినవారు పరిశ్రమ పెరిగినదందురు. ఆ పుస్తకములలోనే నేతవారు, అనుబంధ పనివారు కలిసి 43.31 లక్షల నుండి 35.22 లక్షలకు తగ్గిరి. మగ్గములు పెరిగినవి, మనుష్యులు తగ్గిరి. ఏ సంఖ్యను ముందు చదువుదుమో, ఆ ప్రకారమే రేపటి పథకము తయారగును.

తప్పంతయు పై వారిదేనని వ్రాసి ముగించుట సులభము. కాని అందు నాకును పాలు కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కార్యాలయము నుండి మా సంఘమునకు ఫారము వచ్చినది. పనిచేయు మగ్గములెన్ని యని అందొక గడి. మా పుస్తకములోని సంఖ్యనే ఎత్తి వ్రాసితిని. అందు కొన్ని మగ్గములు విప్పి అటక మీద పెట్టిన సంగతి నాకు తెలియును. తక్కువ వ్రాసినచో నూలు తగ్గింతురేమోయని భయపడితిని. తరువాత నూలందక ఆగిన మగ్గముల కొరకు అర్జీ పెట్టుకొనగా, మీ మగ్గములన్నియు నడుచుచున్నవి కదాయని మా కాగితమే మాకు చూపిరి. భర్త మగ్గము విడిచి హోటలు పనికి పోయిన ఒక పెద్దమ్మ నన్ను వీధిలో నిలిపి, "మా మగ్గం మీ కాగితంలో నేస్తూనే ఉందట గదా నాయనా, ఆ కూలి ఎవరికిస్తున్నారు?" అని అడిగినది. నేను జవాబు చెప్పలేకపోయితిని.

ఆనాటి నుండి మా సంఘమున ఒక పుస్తకము ప్రారంభించితిమి. ప్రతి మగ్గమునకు ఒక వరుస. నూలు అడిగిన తేదీ, అందిన తేదీ, నెంబరు, పడిన ధర, నూలు లేక ఆగిన దినములు, ముట్టిన కూలి. అంతకంటె ఏమియు లేదు. నెలకొకసారి సభ్యుల యెదుట బిగ్గరగా చదువుదుము. తప్పు వ్రాసినచో ఆ ఇంటివారే లేచి దిద్దుదురు. ఏ అధికారి వచ్చినను మొదట ఆ పుస్తకమే ముందుంచుదుము.

తమిళనాట, కన్నడదేశమున, ఒరిస్సాలో, మహారాష్ట్రమున, యానాములో ఉన్న మన సంఘములన్నియు ఇట్టి పుస్తకము నడుపవలెనని నా ప్రార్థన. మిల్లు గేటు లెక్కకు ప్రక్కన మగ్గము గుంట లెక్క నిలిచిన నాడు, ఏ నిబంధన ఎంతవరకు మన ఇంటికి చేరినదో వాదము లేకుండ తేలును. ఆ లెక్క తీయగలవారము మనమే. సరియైన లెక్క లేని అర్జీకి బలము లేదు సోదరులారా; అది నేను అనుభవమున నేర్చుకొన్న సంగతి.