వల కన్ను ఎంత ఉండాలి?

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. గిన్నెలో సిరా కలిపిన నీళ్లు పోయండి. నూలు దారం ఒకటి, చేపల గాలానికి కట్టే నైలాన్ దారం ఒకటి తీసుకోండి. రెండింటి కొసలనూ సిరాలో ముంచి, మిగిలిన భాగాన్ని గిన్నె అంచు మీదుగా బయటికి వేయండి. కాసేపటికి నూలు దారం వెంట సిరా పైకి పాకుతుంది. నైలాన్ దారంలోకి సిరా ఎక్కదు. ఎందుకని? నూలు దారం ఎన్నో సన్నని పోగులను పేని చేసినది. ఆ పోగుల సందుల్లో సిరాకు చోటు దొరికింది. గాలపు దారం ఒకే పోగు. దానిలో సందులు లేవు.

ఈ చిన్న తేడాను ఆపరేషన్ చేసే డాక్టర్లు కూడా ఎంతో శ్రద్ధగా చూస్తారు!

పొట్ట గోడకు మాసిక

మన పొట్ట ముందు భాగంలో కండరాల గోడ ఉంది. అది ఎక్కడైనా బలహీనపడితే పేగు ఆ సందులోంచి ముందుకు పొడుచుకు వస్తుంది. దీనినే హెర్నియా అంటారు. ఆ కన్నాన్ని ఉత్త కుట్లతో లాగి మూస్తే, పాత బట్టకు బిగించి వేసిన కుట్టులా మళ్లీ పిగిలే ప్రమాదం ఉంది. అందుకని లోపల ఒక వల ముక్కను పరుస్తారు. 1958లో ఫ్రాన్సిస్ అషర్ అనే అమెరికా సర్జన్ ప్లాస్టిక్ వలతో ఈ పద్ధతికి బాట వేశాడు. తరువాత పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ వాడుకలోకి వచ్చింది. వల కన్నుల గుండా కణజాలం పెరిగి, సిమెంటు ఇనుప చువ్వలను పట్టుకున్నట్లు వలను పట్టుకుంటుంది.

చిక్కు ఎక్కడ?

జారిన పేగు ఒక్కొక్కసారి కన్నంలో ఇరుక్కుపోతుంది. రక్తం అందక ఆ ముక్క చచ్చిపోతుంది. దానిని కోసి తీసి, మిగిలిన పేగును అతకాలి. పేగులో లెక్కలేనన్ని బాక్టీరియాలు ఉంటాయి. అవి గాయంలోకి చేరితే వలను ఆశ్రయించవచ్చు.

శరీరానికి చెందని వస్తువు బాక్టీరియాలకు ఎంత సాయం చేస్తుందో 1957లో ఇంగ్లండులో ఎలెక్, కానెన్ అనే శాస్త్రజ్ఞులు చూపించారు. మామూలు చర్మంలో చీము పట్టాలంటే స్టెఫైలోకాకస్ బాక్టీరియాలు పది లక్షలకు పైగా కావలసి వచ్చాయి. పట్టు దారపు కుట్టు ఉన్నచోట అందులో పదివేలో వంతు చాలింది. పట్టు దారం కూడా పోగుల దారమేనని గుర్తుంచుకోండి.

బాక్టీరియా వెడల్పు సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దానిని మింగే భక్షక కణం 10 మైక్రాన్లకు పైమాటే. పోగుల సందులోకి బాక్టీరియా దూరగలదు, భక్షక కణం దూరలేదు. ఇరుకు సందులో దాక్కున్న దొంగను లావుపాటి పోలీసు ఎలా పట్టుకుంటాడు? అందుకే కన్నులు కనీసం 75 మైక్రాన్లైనా ఉండాలని 1997లో అమీద్ అనే సర్జన్ వివరించాడు. నేడు ఒక మిల్లీమీటరు దాటిన కన్నుల వలలు కూడా ఉన్నాయి. భక్షక కణాలు, కొత్త రక్తనాళాలు వీటిలోకి సులువుగా చొరబడతాయి.

ఏ వల మేలు?

అతి సన్నని రంధ్రాలుండే పీటీఎఫ్ఈ పలకకు చీము పడితే, సాధారణంగా మళ్లీ ఆపరేషన్ చేసి దానిని తీసివేయవలసిందే. పంది చర్మం నుండి కణాలను తొలగించి చేసిన మాసికలు చీమును బాగా తట్టుకుంటాయని ఒకప్పుడు ఆశపడ్డారు. బాక్టీరియా సోకే అవకాశం ఉన్న 253 మంది రోగులపై అమెరికాలో చేసిన పరిశీలన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. రెండేళ్లలో హెర్నియా తిరిగి వచ్చినవారు చర్మపు మాసిక వేసినవారిలో నూటికి సుమారు 20 మంది. పెద్ద కన్నుల పాలీప్రొపిలీన్ వల వేసినవారిలో సుమారు ఆరుగురే. గాయం ఇబ్బందులలో చెప్పుకోదగిన తేడా లేదు. ధరలో మాత్రం ఉంది: వల 105 డాలర్లు, చర్మపు మాసిక 21 వేల డాలర్లకు పైనే!

కొంతకాలానికి కరిగిపోయే వలలూ ఉన్నాయి. వాటిలో ఒక రకానికి కావలసిన పదార్థాన్ని బాక్టీరియాల చేతనే తయారు చేయిస్తున్నారు. అయినా గాయం నిండా చీము ఉంటే, ముందు దానిని శుభ్రం చేసి, వల సంగతి తరువాత చూద్దామని డాక్టరు ఆగవచ్చు.

దోమతెర కన్ను చిన్నదిగా ఉండాలి. ఆపరేషన్ వల కన్ను పెద్దదిగా ఉండాలి. ఎందుకో మీ మిత్రులకు ఇప్పుడు మీరు చెప్పగలరా?