దేవుని చిత్తం తెలుసుకోవడం ఎలా? బకింగ్‌హామ్ కాలువ చెప్పే పాఠం

మింజూరు: కొత్త సంవత్సరం ఆరాధన ముగిశాక వాగ్దాన కార్డు తీసుకోవడం మన తెలుగు క్రైస్తవ ఇళ్లలో పాత అలవాటే. అందులో తప్పు లేదు. కానీ ఆ కార్డు చూసే కూతురి సంబంధం, ఇంటి స్థలం అమ్మకం నిర్ణయించుకునేవారూ ఉన్నారు. దేవుని చిత్తం అంత సులువుగా తేలుతుందా?

మన చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరారు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే తమ పిల్లలను బడికి పంపబోమని అక్కడి అగ్రకులాల పెద్దలు చెప్పారు. క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో ప్రార్థించారు. ఇద్దరికీ బైబిలులో ఒకే భాగం తెరుచుకుందట: మొదటి కొరింథీయులకు 1వ అధ్యాయం, 26వ వచనం నుంచి. లోకం లెక్కచేయనివారినే దేవుడు ఎన్నుకుంటాడన్నది అక్కడి భావం. వారు మాదిగలనే చేర్చుకున్నారు.

పుస్తకం ఒకేచోట తెరుచుకోవడం గురించే మనం చెప్పుకుంటాం. అసలు గమనించాల్సింది వేరు. ఆ జవాబు వారికి లాభం తెచ్చేది కాదు, నష్టం తెచ్చేది. అయినా లోబడ్డారు.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. మన మింజూరుకు తూర్పున ఎన్నూరు మీదుగా చెన్నైకి పోయే కాలువ అదే. అప్పుడు చాలామంది బాప్తిస్మం అడిగారు. కూటికోసం వస్తున్నారేమోనని ఆయన ఆగారు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆకలికి అన్నం పెట్టడానికి ఆయన ఆగలేదు. బాప్తిస్మానికి మాత్రం ఆగారు. ఏది వెంటనే చేయాలో, దేనికి వేచి ఉండాలో తెలియడమే వివేకం.

మన ఇళ్లలో పాటించదగినవి:

1. వాక్యం ముందే స్పష్టంగా చెప్పినదానికి మళ్లీ గుర్తు అడగవద్దు. అప్పు తీర్చాలా, అబద్ధం మానాలా అని ప్రార్థించి తెలుసుకోనక్కరలేదు.

2. పెళ్లి, ఉద్యోగం, ఆస్తి విషయాల్లో ఒక్క వచనం మీద ఆధారపడక, ప్రార్థించి, ఇంటివారితోనూ సంఘ పెద్దలతోనూ మాట్లాడాలి. పిల్లల మాట కూడా వినాలి.

3. వచ్చిన జవాబు ఎప్పుడూ మన ఇష్టమే అవుతుంటే, అది ఎవరి చిత్తమో పరీక్షించుకోవాలి.

మూడోది నా అనుభవం. గుమాస్తాగా ఉన్నప్పుడు ఒక ముసలామె పింఛను కాగితం నా పొరపాటువల్ల ఆగిపోయింది. పైవారికి చెబితే మెమో వస్తుందని భయం. ప్రార్థన చేసి చూద్దామంటూ పది రోజులు గడిపాను. ఆమె రోజూ వచ్చి వరండాలో కూర్చునేది. అక్కడ వెతకాల్సిన దేవుని చిత్తం ఏమీ లేదు. అది నా ఎదుటే కూర్చుని ఉంది. లేనిది నా ధైర్యమే.