గోదారి పాటకి ఊరెక్కడ?

ఒక గుడి. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. బంధువుల్లేరు, పందిరి లేదు, బాజాల్లేవు. అమ్మాయి పాట అందుకుంటుంది. చల్లగా ఉండాలనీ, పచ్చగా బతకాలనీ పెళ్లికొడుకుని దీవించే పాట. విడిగా వింటే అచ్చంగా పెళ్లింటి పాటే. కానీ సినిమా చూస్తున్నవాళ్లకి వెన్నులో చలి పుడుతుంది. ఎందుకంటే ఆ అబ్బాయిని చంపి తీరతానని పంతం పట్టిన హంతకుడు బయట తిరుగుతున్నాడు. అతడు ఎవరో కాదు, ఆ పెళ్లికూతురి సొంత అన్న!

1967లో వచ్చిన ‘సాక్షి’లోని సన్నివేశమిది. బాపు తొలి సినిమా. కృష్ణ, విజయనిర్మల జంట. ఆత్రేయపురం మండలం పులిదిండిలో, సెట్టింగుల జోలికి పోకుండా, ఊళ్లో వీధుల్లో, గోదారి ఒడ్డున తీశారు. హత్యని కళ్లారా చూసి కోర్టులో సాక్ష్యం చెప్పిన ఓ బల్లకట్టువాడి కథ. ఆపదొచ్చేసరికి ఊరు ఊరంతా తలుపులేసుకుంటుంది. ఇక్కడ ఓ ఏడుపు పాట పెట్టినా ఎవరూ కాదనేవారు కాదు. సంగీత దర్శకుడు కె.వి.మహదేవన్ అలా చేయలేదు. ఆరుద్ర మాటలకి, సుశీల గొంతుకి హాయైన బాణీ కట్టారు. భయమంతా తెరమీద ఉంది, ధైర్యం పాటలో ఉంది. ఆ రెండూ ఒరుసుకున్నచోటే ప్రేక్షకుడి గుండె జారింది.

అనుమానముంటే ఓ పని చేయండి. ఈసారి టీవీలో ఏదైనా పాత సినిమా వస్తున్నప్పుడు సౌండు పూర్తిగా తగ్గించి చూడండి. ఏటిగట్టు మీద నడిచెళ్లే మనిషి కనిపిస్తాడు. అతడు పెళ్లికెళ్తున్నాడో, పాడె మోయడానికెళ్తున్నాడో బొమ్మ చెప్పదు. సన్నాయి చెబుతుంది, లేదా ఫిడేలు చెబుతుంది.

‘సాక్షి’లో హాలీవుడ్ చిత్రం ‘హై నూన్’ (1952) ఛాయలున్నాయని సినీప్రియులు చెబుతుంటారు. అందులోనూ అంతే. టైటిల్స్‌తో మొదలైన ఒకే పాట సినిమా పొడుగునా ఒంటరి హీరోని వెంటాడుతుంది. సంగీత దర్శకుడు దిమిత్రి త్యోమ్కిన్‌కి ఆ పాట, ఆ నేపథ్య సంగీతం రెండూ ఆస్కార్లు తెచ్చాయి.

గోదారి మనుషులు కానివాళ్లు

తెలుగువాళ్లు ‘గోదారి సినిమా’ అనగానే చెవుల్లో ఓ రకం సంగీతం మోగుతుంది. తెడ్డు పడుతున్నట్టు లయ, అల మీద పడవ ఊగినట్టు పల్లవి, మధ్యలో ఓ వేణువు. ఆ చప్పుడు మనకి అలవాటు చేసిన సినిమాల్లో ‘మూగమనసులు’ (1964) ముందుంటుంది. ‘సాక్షి’, ‘అందాల రాముడు’ (1973), ‘ముత్యాలముగ్గు’ (1975) ఆ తర్వాతి మెట్లు. నాలుగింటికీ సంగీతం మహదేవనే.

విచిత్రమేమిటంటే ఆయనది కోనసీమ కాదు సరికదా, తెలుగునాడే కాదు. దక్షిణాన కన్యాకుమారి పక్కనున్న నాగర్‌కోయిల్ ప్రాంతం. ‘మూగమనసులు’లో జమున గోదారి గట్టున చిందులేస్తూ పాడే పాటని మించిన గోదారి పాట ఏదైనా ఉందా? అది రాసిన దాశరథిది వరంగల్ జిల్లా. పాడిన సుశీలది విజయనగరం. అదే సినిమాకి పాటలు రాసిన ఆత్రేయది నెల్లూరు సీమ. ఇక మిగిలింది దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. ఆయన మాత్రం రాజమండ్రి మనిషే లెండి!

మరి గోదారి వాసన ఎలా వచ్చింది? దాని గుట్టు మహదేవన్ పని చేసే తీరులో ఉంది. ముందు బాణీ కట్టి అందులో మాటలు కూర్చోబెట్టే పద్ధతి ఆయనకి నచ్చదు. కవి రాసిన పాట చేతికొచ్చాకే హార్మోనియం. మాటలో సహజంగా ఉన్న విరుపూ, సాగతీతా, ఊతపదమూ ఎక్కడున్నాయో పట్టుకుని దానికే బాణీ తొడిగేవారు. అందుకే ఆయన పాటల్లో పల్లెటూరి మనిషి పల్లెటూరి మనిషిలాగే పలుకుతాడు. పక్కన సహాయకుడు పుహళేంది ఉండనే ఉన్నారు. ఈ జంటే తర్వాత ‘శంకరాభరణం’తో (1980) దేశమంతా మోగింది. ఆ చిత్రానికి మహదేవన్‌తోపాటు బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరామ్‌లకీ జాతీయ అవార్డులొచ్చాయి.

శంకరగుప్తం నుంచి మద్రాసుకి

బయటివాళ్లు వచ్చి గోదారికి పాట కడితే, కోనసీమ గొంతు బయటికెళ్లి ఊళ్లేలింది. రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలో 1930 జులై 6న పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ సంగతే ఇది. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు, తండ్రి పట్టాభిరామయ్య వేణువు. తల్లి చిన్నప్పుడే పోయారు. బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర చదువు. పసితనంలోనే కచేరీ చేస్తే, మురళీకృష్ణ పేరుకి ముందు ‘బాల’ చేర్చారు హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్. కచేరీల బాలమురళి అందరికీ తెలుసు. సినిమా బాలమురళి లెక్క వేరే.

‘నర్తనశాల’ (1963) గుర్తు చేసుకోండి. బృహన్నల వేషంలో ఎన్టీఆర్ ఉత్తరకి నాట్యం నేర్పే పాట. మహావీరుడు ఆడవేషంలో కనిపిస్తే హాల్లో నవ్వులు పడే ప్రమాదముంది. సుసర్ల దక్షిణామూర్తి స్వరపరచిన ఆ పాటలో బాలమురళి గొంతు వినగానే నవ్వు రాదు, గౌరవం కలుగుతుంది. పాత్ర పరువు నిలబెట్టింది ఆ గొంతే. ‘భక్తప్రహ్లాద’లో (1967) ఆయనే నారదుడిగా నటించి పాడేశారు కూడా.

అన్నిటికంటే గట్టి పరీక్ష తమిళంలో ఎదురైంది. 1965 నాటి ‘తిరువిళైయాడల్’. అందులో హేమనాథ భాగవతార్ అనే గర్వి పాత్ర. రాజసభలో పాడి, నాకు సాటి ఎవరని సవాలు విసురుతాడు. చివరికి కట్టెలమ్మేవాడి రూపంలో వచ్చిన శివుడి పాట విని తలదించుకుని రాత్రికి రాత్రే ఊరొదిలి పోతాడు. అంటే, ఓడిపోయే పాట పాడాలి. అదీ మామూలుగా పాడితే కుదరదు. అసలు ఇతణ్ని ఓడించగలవాడున్నాడా అనిపిస్తేనే శివుడి గెలుపుకి విలువ. పేరున్న విద్వాంసుడు ఒప్పుకోవడానికి జంకే పనే. బాలమురళి పాడారు. ప్రతి సంగతిలోనూ విద్య ఉంది, విద్య వెనక పొగరూ వినిపిస్తుంది. ఆ సినిమాకి సంగీతం ఎవరనుకున్నారు? మహదేవనే!

మేళం వెంటేసుకుని...

పదేళ్ల తర్వాత ఆ ఇద్దరూ గోదారి కథకే కలిశారు. అది ‘ముత్యాలముగ్గు’. నరసాపురంలో పుట్టిన బాపు, ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ కలిసి ఉత్తరరామాయణాన్ని తెలుగు పల్లెకి తెచ్చారు. తప్పు చేయని ఇల్లాలిని అనుమానించి ఇంట్లోంచి వెళ్లగొడతారు. సంగీత ఒంటరిగా తిరిగే ఆ దుఃఖానికి వయొలిన్ల హోరు పెట్టలేదు. బొంబాయి నుంచి సజ్జాద్ హుస్సేన్‌ని పిలిపించి మాండలిన్ వాయింపజేశారు. సన్నటి తీగ, మధ్యమధ్య మౌనం. చుట్టూ ఎవరూ లేరన్న సంగతి మాటల్లేకుండానే తెలిసిపోతుంది.

అదే సినిమాలో రావు గోపాలరావు కాంట్రాక్టర్ ఉన్నాడు. కళాపోషణ గురించి ఉపన్యాసాలిచ్చే ఈ పెద్దమనిషి సన్నాయి మేళాన్ని వెంటేసుకుని తిరుగుతాడు. ఆయన సంతోషిస్తే ఒక వాయింపు, ఆయన కుట్రలకి ఇంకో వాయింపు. సినిమా వాళ్లు తెర వెనక దాచే నేపథ్య సంగీతాన్ని బాపూరమణలు తెర మీదకే లాక్కొచ్చి మన ముందు నిలబెట్టారన్నమాట! అదో పెద్ద వెక్కిరింత. ప్రేక్షకుడు పగలబడి నవ్వాడు, అవతలి సీన్లో మాండలిన్‌కి మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు.

1975 చిత్రాలకిచ్చిన జాతీయ అవార్డుల్లో ‘ముత్యాలముగ్గు’ ఉత్తమ తెలుగు చిత్రమైంది, ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్యకీ అవార్డొచ్చింది. అదే జాబితాలో ఉత్తమ గాయకుడు బాలమురళీకృష్ణ. అయితే ఆ పురస్కారం కన్నడ ‘హంసగీతె’కి. 1987లో మరో కన్నడ చిత్రం ‘మధ్వాచార్య’కి ఉత్తమ సంగీత దర్శకుడిగానూ నిలిచారు. 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు.

‘ముత్యాలముగ్గు’ మళ్లీ ఎప్పుడైనా వేస్తే ఆలస్యంగా కూర్చోకండి. మొదట్లోనే రామనామంతో ఓ పాట వస్తుంది. రామాయణం ఇంకా మొదలవలేదు, సీతకి కష్టం ఇంకా రాలేదు. పాడుతున్నది శంకరగుప్తం గొంతు.