బండి పక్కన పందిరి

కారు వెనకాల తగిలించుకుని ఊరూరా లాక్కుపోయే ఇంటిని మీరెప్పుడైనా చూశారా? అమెరికాలో దాన్ని ట్రావెల్ ట్రెయిలర్ అంటారు. బ్రిటన్‌లో క్యారవాన్ అంటారు. చక్రాల మీద నిలబెట్టిన పెట్టెలాంటి గది అది. లోపల మడత మంచం, చిన్న పొయ్యి, బట్టలకు ఒక అర, కిటికీలు ఉంటాయి. ఇటువంటి బండ్లు మన దేశంలోనూ అక్కడక్కడ కనబడుతున్నాయి.

చూడడానికి ముచ్చటగానే ఉంటుంది కాని, అందులో నలుగురు కూర్చుంటే ఐదోవాడు నిలబడాలి. బండి వెడల్పు రోడ్డుకు లోబడి ఉండాలి కదా! రెండు, రెండున్నర మీటర్లకు మించి దాన్ని వెడల్పు చేయలేరు. ఆగిన చోట మాత్రం ఆ నియమం లేదు. అందుకని బండి పక్కగోడకు ఒక గుడ్డ అంచు బిగించి, రెండో అంచును రెండు రాటల మీద నిలబెడతారు. గదికి వసారా వచ్చినట్టే. దాన్ని వాళ్లు ఆనింగ్ అంటారు. మనం పక్కపందిరి అనుకుందాం.

“ఇందులో కొత్తేముంది?” అని మీ తాతగారు అడగవచ్చు. ఆయన మాటా నిజమే. బస్సులు ఇన్ని లేని రోజుల్లో తెనాలి, రేపల్లె పక్క పల్లెలవాళ్లు కార్తీక పౌర్ణమి సముద్ర స్నానానికి గూడుబండ్లు కట్టుకుని బాపట్ల దగ్గరి సూర్యలంకకు వెళ్లేవారు. ఎడ్లను విప్పి, గూటి అంచునుంచి రెండు కర్రల మీదికి ఒక దుప్పటి లాగి కట్టేస్తే చాలు, కింద వంట, పైన నీడ. అటు బ్రిటన్‌లో, కేవలం సరదా ప్రయాణం కోసం కట్టించిన మొదటి క్యారవాన్ 1885 నాటిది. గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు దాన్ని కట్టించుకుని ‘వాండరర్’ అని పేరు పెట్టాడు. దాన్ని లాగడానికి రెండు గుర్రాలు! ఆయన పిల్లల కోసం కథలు కూడా రాశాడు లెండి.

మనం కూడా ఒక ఊహాబండిని తీసుకుందాం. పొడవు నాలుగు మీటర్లు, ఎత్తు రెండున్నర మీటర్లు. దాని పక్కన 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు గుడ్డతో పందిరి వేద్దాం. అంటే 7.5 చదరపు మీటర్ల నీడ. బండిని మే నెలలో తెనాలినుంచి రేపల్లెకు, అక్కడినుంచి బాపట్ల సముద్రపు ఒడ్డుకు తీసుకుపోదాం. ఎక్కడ ఆగితే అక్కడ పందిరికి ఒక చిక్కు వస్తుంది చూడండి.

మొదటి మజిలీ తెనాలి కాలవగట్టు. ఇక్కడ చిక్కు ఎండతో. మిట్టమధ్యాహ్నం సూర్యుడు ప్రతి చదరపు మీటరు నేల మీదికీ సుమారు 1000 వాట్ల శక్తిని కుమ్మరిస్తాడు. మన పందిరి గుడ్డ మీద పడేది 7500 వాట్లు. ఏడెనిమిది ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి వేడెక్కుతున్నాయనుకోండి! ఆ వేడి మన నెత్తిన పడకుండా ఆపడమే పందిరి పని.

కాని ఒక మాట గుర్తుంచుకోవాలి. నీడలో గాలి చల్లబడదు. ఎండలోనైనా నీడలోనైనా గాలి వేడి దాదాపు ఒకటే. వాతావరణ శాఖవారు చెప్పే ఉష్ణోగ్రత కూడా నీడలో, గాలి ఆడే తెల్లటి పెట్టెలో థర్మామీటరు పెట్టి కొలిచినదే. మరి నీడలో హాయిగా ఎందుకుంటుంది? సూర్యకిరణాలు తిన్నగా ఒంటికి తగలవు కనుక. ఇక్కడే గుడ్డ ఎన్నికలో తెలివి కావాలి. ఇనుప రేకు కిందా నీడే, తాటాకు పందిరి కిందా నీడే. అయినా రేకు కింద తల మాడుతుంది. రేకు ఎండకు కాగి, తానే పొయ్యి మీది పెనంలా కిందికి ఉష్ణకిరణాలు పంపుతుంది. ఈ కిరణాలు కంటికి కనబడవు, ఒంటికి తెలుస్తాయి. తాటాకు పందిరిలో ఆకుల పొరల మధ్య గాలి ఉంటుంది. పై ఆకు కాగినా, కింది ఆకుదాకా ఆ వేడి త్వరగా రాదు. వేడెక్కిన గాలి సందుల్లోంచి పైకి పోతుంది. పెళ్లిపందిరి వేసే మన పెద్దలకు ఈ సంగతి లెక్కలతో పని లేకుండానే తెలుసు.

మన బండికి తాటాకు మోసుకుపోలేం కాబట్టి, అదే కిటుకును గుడ్డతో చేద్దాం. ఒక గుడ్డకు బదులు రెండు గుడ్డలు, మధ్య జానెడు ఖాళీ. పై గుడ్డ తెల్లగా ఉండాలి. పై గుడ్డ కాగుతుంది, మధ్యలో గాలి ఆడుతుంది, కింది గుడ్డ దాదాపు చల్లగానే ఉంటుంది. నల్ల టార్పాలిన్ ఒకే పొరగా వేస్తే రేకు కింద కూర్చున్నట్టే.

ఇంకొక తమాషా. తెనాలి సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుచేత మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి పది రోజుల్లో మరొకసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిమీదికి వస్తాడు. అప్పుడు పందిరి నీడ పందిరి కిందే ఉంటుంది. సాయంత్రం నాలుగు గంటలకో? సూర్యుడు పడమట 33 డిగ్రీల ఎత్తుకు దిగిపోతాడు. రెండు మీటర్ల ఎత్తున ఉన్న పందిరి నీడ మూడు మీటర్లు తూర్పుకు జరుగుతుంది. మన పందిరి వెడల్పు రెండున్నర మీటర్లే! కనుక బండికి పడమటి వైపు పందిరి వేసుకున్నవాడికి సాయంత్రం నీడ బండి గోడ మీద పడుతుంది, ఎండ వాడి మీద పడుతుంది. తూర్పు వైపు వేసుకున్నవాడికి బండే అడ్డుగోడ. రెండున్నర మీటర్ల ఎత్తు బండి నాలుగు గంటలకు దాదాపు నాలుగు మీటర్ల నీడ ఇస్తుంది. పొద్దుటిపూట మాత్రం తూర్పు అంచుకు ఒక తడకో చాపో వేలాడదీసుకోవాలి.

రేపల్లెకు చేరేసరికి మబ్బు పట్టిందనుకోండి. వేసవి వాన ఒక్క ఊపున దంచి కొడుతుంది. పందిరి గుడ్డ బల్లపరుపుగా ఉంటే నడుమ చిన్న గుంట పడుతుంది. అందులో నీళ్లు చేరతాయి, ఆ బరువుకు గుంట పెద్దదవుతుంది, మరిన్ని నీళ్లు చేరతాయి. ఒక చదరపు మీటరు మేర పది సెంటీమీటర్ల లోతున నీరు నిలిస్తే 100 లీటర్లు. అంటే 100 కిలోలు! రాట విరిగి, ఆ నీళ్లూ కర్రా కలిసి కింద కూర్చున్నవాళ్ల మీద పడతాయి. అందువల్ల బయటి అంచు లోపలి అంచుకంటే కనీసం అరమీటరు దిగువన ఉండాలి. ఒక మూలను ఇంకాస్త కిందికి లాగితే నీళ్లన్నీ ఆ మూలనుంచే జారతాయి, బకెట్టు పెట్టి పట్టుకోవచ్చు కూడా.

వాన పడుతోందని పందిరి చుట్టూ పరదాలు దించి, లోపల బొగ్గుల కుంపటో కిరసనాయిలు స్టవ్వో వెలిగించేవాళ్లున్నారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే పని. గాలి చాలని మంటలోంచి కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్ర వస్తున్నట్టుంటుంది, అంతే. పొయ్యి వెలిగినంతసేపూ కనీసం రెండు వైపులు తెరిచి ఉండాలి.

ఇప్పుడు బాపట్ల. ఊరినుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. ఇక్కడ సముద్రం ఆగ్నేయ దిక్కున ఉంది. మధ్యాహ్నం నేల కాగి, నేలమీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి సముద్రంనుంచి చల్లగాలి వస్తుంది. ఇందాక ఎండకోసం పందిరిని తూర్పు వైపు పెట్టుకున్నాం కదా! సముద్రపు గాలి సరిగ్గా ఆ వైపునుంచే పందిరి కిందికి దూరుతుంది. కూర్చున్నవాళ్లకు స్వర్గమే. గుడ్డకు మాత్రం కాదు. లోపలికి దూరిన గాలికి బండి గోడ అడ్డం. పక్కలకు పోయినంత పోగా, మిగిలిన గాలి గుడ్డను పైకి తోస్తుంది. పందిరి కాస్తా తెరచాప అవుతుంది.

ఎంత బలంగా తోస్తుంది? ఇంజనీర్లు వాడే లెక్క ఒకటుంది. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో రాసి, దాన్ని దానితోనే హెచ్చవేసి, 0.6 తో గుణించండి. ఒక చదరపు మీటరు మీద పడే తోపు న్యూటన్లలో వస్తుంది. మామూలు సముద్రపు గాలి కాస్త జోరుగా, గంటకు 36 కిలోమీటర్లు వీస్తోందనుకుందాం. అంటే సెకనుకు 10 మీటర్లు. 10 ని 10 తో హెచ్చవేస్తే 100, దానికి 0.6 తో గుణిస్తే 60. మన 7.5 చదరపు మీటర్లకు 450 న్యూటన్లు, అంటే 46 కిలోల బరువంత. ఒక బడి పిల్లవాణ్ణి ఎత్తేయగల బలం! గాలి గంటకు 72 కిలోమీటర్లయితే? రెండింతలు కదా, 92 కిలోలు అంటారేమో. కాదు. వేగం రెండింతలైతే తోపు నాలుగింతలు. సుమారు 183 కిలోలు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి, ఒక్కొక్క విసురు 110 దాకా. 110 కి లెక్క కట్టి చూడండి. 430 కిలోలు వస్తుంది. దానికి తట్టుకునే గుడ్డపందిరి ఏదీ లేదు. తుపాను హెచ్చరిక వచ్చిందంటే పందిరి విప్పడం, బండిని ఒడ్డునుంచి దూరంగా లాక్కుపోవడం, అంతే. కృష్ణ దాటితే రేపల్లెకు ఎదురుగా ఉన్న దివిసీమను 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ముంచెత్తి, వేలాది ప్రాణాలు తీసింది. ఆ సంగతి ఈ తీరంలో ఎవర్ని అడిగినా చెబుతారు.

అందుచేత, పందిరిని పైన నిలబెట్టేది ఏది అన్న ప్రశ్న కంటే, దాన్ని కిందికి పట్టి ఉంచేది ఏది అన్నదే ముఖ్యమైన ప్రశ్న. తెనాలి నల్లరేగడిలో ఇది తేలిక అనిపిస్తుంది. తడిగా ఉన్నప్పుడు ఆ మట్టి మేకును జిగురులా పట్టుకుంటుంది. కాని వేసవిలో నెర్రెలిస్తుంది. నెర్రెలో దిగిన మేకు చేత్తో లాగితే వస్తుంది. చూసి కొట్టుకోవాలి. రేపల్లె వైపు వానకు నానిన కాలవగట్టున మేకు సులువుగా దిగుతుంది, అంత సులువుగానే బయటికీ వస్తుంది. పొడవు మేకు వాడాలి. సూర్యలంక పొడి ఇసుకలో ఎంత పొడవు మేకైనా దండగే. ఇసుక రేణువులకు ఒకదానికొకటి అంటుకునే గుణం లేదు.

ఇసుకలో చేయవలసింది వేరు. గోనెసంచి నిండా ఇసుక నింపి, మూతి బిగించి, నడుముకు తాడు కట్టండి. సంచి మీదికి అరమీటరు ఇసుక వచ్చేంత గొయ్యి తీసి, సంచిని అడ్డంగా పడుకోబెట్టి పూడ్చండి. తాడు కొస మాత్రం బయట ఉండాలి. ఇప్పుడు గాలి దాన్ని లాగాలంటే, సంచి 40 కిలోలు, దాని మీద కూర్చున్న ఇసుక 120 కిలోలు, మొత్తం 160 కిలోలు ఎత్తాలి. పక్కల ఇసుక చేసే సాయం అదనం. అటువంటి సంచులు రెండు, పందిరి బయటి మూలలకు ఒక్కొక్కటి. తాడు 45 డిగ్రీల వాలున ఉంటే అందులో బిగువు, పైకి ఎత్తే బలానికి 1.4 రెట్లు ఉంటుంది. కాబట్టి బట్టలారేసే తాడు వద్దు. తాడు మధ్యలో పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి కట్టండి. గాలి విసురుకు అది సాగి, ఆ కుదుపు గుడ్డ చెవులు చింపకుండా కాపాడుతుంది. గుడ్డకూ బండి గోడకూ మధ్య బెత్తెడు సందు వదిలితే, లోపల చిక్కిన గాలికి కొంత దారి దొరుకుతుంది.

విప్పేటప్పుడు ఒక్కరే పూనుకోకూడదు. రెండు తాళ్లూ ఒకేసారి వదిలితే గుడ్డ రాటలతో సహా లేచిపోతుంది. ఒకరు రాట పట్టుకుంటే మరొకరు ఒక మూల విప్పి, గుడ్డను నేలకు దించి, తరువాత రెండో మూలకు వెళ్లాలి.

సముద్రపు ఒడ్డు దాకా పోనక్కరలేకుండా దీన్ని మీరు ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒక బకెట్టులో పొడి ఇసుక పోసి, జానెడు మేకు గుచ్చి, బడి ప్రయోగశాలలో ఉండే స్ప్రింగు త్రాసుతో మెల్లగా పైకి లాగండి. త్రాసు ఎంత చూపినప్పుడు మేకు ఊడిందో రాసుకోండి. తరువాత మేకు తీసేసి, ఇసుక నింపిన చిన్న గుడ్డమూటకు దారం కట్టి, అదే లోతున పాతి లాగండి. మూడోసారి ఇసుకను నీళ్లతో తడిపి, మేకునూ మూటనూ మళ్లీ తూచండి. ఒక్క షరతు. లాగబోయే ముందే త్రాసు ముల్లు ఎక్కడ ఆగుతుందో ఊహించి, కాగితం మీద రాసి పెట్టుకోవాలి.