చెక్ లైటు వెలిగితే సెన్సార్ పోయినట్లేనా?

చెరుకుపల్లి హాస్టల్లో చదువుకుని వెళ్ళినవారిలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు, కానిస్టేబుళ్ళు ఉన్నట్లే, ఐ.టి.ఐ.లో మోటార్ మెకానిక్ ట్రేడ్ చేసి షెడ్లలో పనిచేస్తున్న మాబోటివారమూ ఉన్నాం. అప్పు తీసుకుని కారు కొని తెనాలికీ, రేపల్లెకూ, బాపట్లకూ కిరాయికి తిప్పుకుంటున్న మిత్రులూ ఉన్నారు. ఈ వ్యాసం వారికోసం, రేపు ఈ పనిలోకి రాబోయే తమ్ముళ్ళకోసం.

కారు మీటరు బోర్డుమీద పసుపురంగు ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. దాన్నే చెక్ లైటు అంటాం. స్కానర్ పెడితే పి0135 అని వస్తుంది. వెంటనే "ఆక్సిజన్ సెన్సార్ పోయింది, మార్చాలి" అనే మాట వినిపిస్తుంది. దాని ఖరీదు వేలల్లో ఉంటుంది. నెలనెలా వాయిదా కట్టుకునేవాడికి అది చిన్న మొత్తం కాదు. తీరా మార్చాక లైటు ఆరకపోతే, ఒకసారి బిగించిన సెన్సార్‌ను సాధారణంగా దుకాణంవారు వెనక్కి తీసుకోరు.

నిజానికి ఆ కోడ్ సెన్సార్ చెడిపోయిందని చెప్పదు. సెన్సార్‌లోని హీటరుకు సంబంధించిన విద్యుత్ వలయంలో ఎక్కడో లోపం ఉందని మాత్రమే చెబుతుంది. ఎక్కడ ఉందో తేల్చుకోవడం మన పని. అందుకు పదో తరగతిలో చదివిన ఓమ్ నియమం, ఒక మల్టీమీటరు, ఒక బల్బు చాలు.

సెన్సార్ చేసే పని

పెట్రోలు సక్రమంగా మండాలంటే కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ పాళ్ళు కుదిరాయో లేదో పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌నుబట్టి తెలుస్తుంది. సెన్సార్ లోపల జిర్కోనియా అనే పింగాణీవంటి పదార్థం ఉంటుంది. దానికి ఒకవైపు పొగ, మరోవైపు బయటి గాలి తగులుతాయి. రెండువైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడానుబట్టి వోల్టేజి పుడుతుంది. పెట్రోలు ఎక్కువైతే సుమారు 0.9 వోల్టు, గాలి ఎక్కువైతే సుమారు 0.1 వోల్టు వస్తుంది. దాన్ని చూసి బండిలోని కంప్యూటర్, అంటే ఇ.సి.యు., పెట్రోలును తగ్గించడమో పెంచడమో చేస్తుంది.

జర్మనీకి చెందిన బాష్ కంపెనీ ఈ సెన్సార్‌ను 1976లో తెచ్చింది. మొదట వోల్వో కార్లలో అమర్చారు. అయితే జిర్కోనియా సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు దాటితేగాని పనిచేయదు. పొగ వేడికే అంత వేడెక్కాలంటే ఆలస్యమవుతుంది. అందుకే 1982లో లోపల చిన్న హీటరు పెట్టిన సెన్సార్ వచ్చింది. హీటరు పనిచేయకపోతే చల్లటి ఇంజన్ ఎక్కువసేపు అంచనామీదే పెట్రోలు తాగుతుంది, పొగలో విషవాయువులు పెరుగుతాయి. డ్రైవరుకు మాత్రం పెద్దగా తేడా తెలియదు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక చాలా బైకులకు కూడా ఈ సెన్సార్ ఉంటోంది.

మన ప్రాంతంలో లోపాలు

కోతల రోజుల్లో గడ్డివాము పక్కన నిలిపిన బండిలోకి ఎలుకలు దూరి తీగలు కొరుకుతాయి. నిజాంపట్నం వైపు తిరిగే బండ్లకు ఉప్పుగాలి తగిలి కనెక్టర్ పిన్నులు చిలుము పడతాయి. గతుకుల రోడ్లలో క్లిప్పులు ఊడి తీగలు వేడి గొట్టంమీద పడతాయి. వీటిలో దేనికీ కొత్త సెన్సార్ మందు కాదు.

పరీక్షించే వరుస

1. ముందుగా ఏ సెన్సారో తెలుసుకోవాలి. పి0135 అయితే కన్వర్టరుకు ముందున్నది, పి0141 అయితే వెనుకది.

2. ఇంజన్ చల్లారాక హీటరు ఫ్యూజు చూడాలి. పోయి ఉంటే కొత్తది వేసి ఊరుకోకూడదు. ఎందుకు పోయిందో చూడాలి. అంతకన్నా పెద్ద ఫ్యూజు ఎన్నడూ వేయరాదు.

3. తీగల వెంట కనెక్టర్ దాకా కంటితో చూడాలి. కరిగినచోటు, కొరికినచోటు, చిలుము ఉన్నాయేమో గమనించాలి.

4. కనెక్టర్ ఊడదీసి, సెన్సార్ వైపు హీటరు తీగలు రెండింటి మధ్య నిరోధం కొలవాలి. నాలుగు తీగల సెన్సార్లలో చాలావాటికి ఈ రెండూ ఒకే రంగులో, ఎక్కువగా తెలుపులో ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా 3 నుంచి 15 ఓంల మధ్య రావాలి. సరైన కొలత ఆ బండి మాన్యువల్‌లో చూసుకోవాలి. 6 ఓంలు వచ్చిందనుకోండి. 12 వోల్టుల వద్ద 2 ఆంపియర్లు, అంటే 24 వాట్లు. హీటరు బతికే ఉందన్నమాట. మీటరు అసలు కదలకపోతే హీటరు తెగింది. హీటరు తీగకూ సెన్సార్ ఇనుప ఒంటికీ మధ్య కలయిక కనిపిస్తే లోపల షార్టయింది. ఈ రెండు సందర్భాల్లో సెన్సార్ మార్చాల్సిందే.

5. హీటరు బాగుంటే కనెక్టర్‌లో బండి వైపు చూడాలి. ఇంజన్ నడుస్తుండగా సప్లై పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టాలి. చిలుము పట్టిన తీగలోనూ మీటరు 12 వోల్టులు చూపవచ్చు, కాని బల్బు మసకగా వెలిగి గుట్టు బయటపెడుతుంది. మసకగా ఉంటే తీగ, రిలే, ఫ్యూజు కాళ్ళు చూడాలి.

6. రెండో హీటరు తీగ ఇ.సి.యు.కు పోతుంది. అది మధ్యలో తెగిందేమో, బాడీకి తగులుతోందేమో చూడాలి. ఆ తీగకు నేరుగా 12 వోల్టులు ఇవ్వకూడదు, ఇ.సి.యు. కాలిపోతుంది. ఇ.సి.యు.ను అనుమానించడం అన్నిటికన్నా ఆఖరున.

ఒకసారి మా షెడ్డుకు వచ్చిన కారుకు అప్పటికే కొత్త సెన్సార్ వేసి ఉంది. లైటు మాత్రం ఆరలేదు. చూస్తే ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే అదీ పోయింది. తీగ వెంట పోతే, క్లిప్పు ఊడి తీగ పొగగొట్టానికి అంటుకుని తొడుగు కరిగి కనిపించింది. తీగ ముక్క, ఒక క్లిప్పు, ఒక ఫ్యూజుతో పని ముగిసింది. సెన్సార్‌కు పెట్టిన వేలు మాత్రం బండివాడికి తిరిగి రాలేదు.

మార్చవలసి వస్తే

జాకీ ఒక్కదాన్నే నమ్మి బండికింద దూరకూడదు, స్టాండ్లు పెట్టాలి. మూసిన షెడ్డులో ఇంజన్ నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. మరలకు తుప్పు వదిలించే నూనె పోసి కాసేపు ఆగి, ఎక్కువగా సరిపోయే 22 నంబరు పానాతో విప్పాలి. కొత్తదాని మొనకు నూనె, గ్రీజు తగలనివ్వకూడదు. కొన్ని సెన్సార్లు తీగల సందుల్లోంచే బయటి గాలిని తీసుకుంటాయి. కాబట్టి వాటి తీగలకు టంకం వేయడం, కనెక్టర్‌లో గ్రీజు నింపడం పనికిరాదు. తర్వాత కోడ్ చెరిపి, మర్నాడు చల్లటి ఇంజన్‌తో నడిపి, మళ్ళీ స్కాన్ చేసి చూడాలి.

తమ్ముళ్ళకు మా మాట

పదో తరగతి విద్యుత్ పాఠాన్ని మార్కులకోసమే చదివి వదిలేయకండి. వోల్టు, ఆంపియరు, ఓం ఈ మూడింటి లెక్క తెలిసినవాడికి షెడ్డులో విలువ ఉంటుంది. రేపు మీ దగ్గరికి కారు తెచ్చే డ్రైవరు మన హాస్టల్ అన్నయ్యే కావచ్చు. వస్తువు మార్చమనే ముందు మీటరు కొలత అతనికి చూపించండి. మార్చిన పాతది అతని చేతికే ఇవ్వండి.