తెరమీద పడవ... తెరవెనుక వడ్రంగి!

మా పాలకుర్తిలో గుట్టమీద సోమేశ్వరస్వామి ఉన్నాడు. పక్కనే పోతనగారి బమ్మెర ఉంది. లేనిదల్లా గోదావరే! అందుకే మాకు పడవంటే వెండితెర మీది పడవే.

1964లో ఆదుర్తి సుబ్బారావు 'మూగమనసులు' తీశారు. పడవ నడిపే గోపిగా అక్కినేని, అమ్మాయిగారుగా సావిత్రి... ఆ జంటని జనం గుండెల్లో పెట్టుకున్నారు. 1973లో బాపు 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'... కథ నడిచిందంతా నీళ్ళమీదే! హీరోలు మారారు, హీరోయిన్లు మారారు. వాళ్ళని మోసిన పడవల గురించి మాట్లాడినవాళ్ళెందరు?

హీరోకి వయసు మీదపడితే విగ్గుంది, మేకప్పుంది. చెక్క పడవకి రంగు పూస్తే లోపలి పుచ్చు దాగుతుందే గాని పోదు. దానికి కావలసింది మేకప్ మేన్ కాదు, వడ్రంగి మేస్త్రీ! అలాంటి మేస్త్రీలకి పేరున్న చోటు కాకినాడ దాపున తాళ్ళరేవు, కోరంగి. 1839 తుపాను దెబ్బ తినకముందు కోరంగి పెద్ద ఓడలకే మరమ్మతులు చేసిన రేవు.

సినిమాకి ఫ్రేము ఎలాగో పడవకీ అంతే. అడుగున వెన్నెముకలాంటి దూలం, దాని మీంచి రెండు పక్కలా లేచే వంపు కర్రలు. ఇంగ్లీషువాళ్ళు వాటినీ ఫ్రేములనే అంటారు! పైపలకలన్నీ వాటికే బిగిస్తారు.

తమాషా ఏమిటంటే, ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండే చెక్క కన్నా, గాలీ తడీ రెండూ తగిలే చెక్కే ముందు పుచ్చుతుంది. దాన్ని తినేసే బూజుకి గాలి కూడా కావాలి మరి! ఉప్పునీళ్ళ కన్నా వాననీళ్ళే దానికి ప్రీతి. పైనుంచి కారిన వానచుక్క పలక వెనకాల నిలిచిందా, ఇక అంతే! మేస్త్రీ సుత్తితో తట్టి వింటాడు. గట్టి చెక్క ఖంగుమంటుంది. పుచ్చింది బొద్దుగా పలుకుతుంది. అనుమానం వస్తే మొన గుచ్చి చూస్తాడు.

అసలు సస్పెన్స్ ఇక్కడే! పుచ్చిన కర్రలన్నీ ఒక్కసారే పీకేస్తే పడవ ఆకారం చెడిపోతుంది. అందుకని ముందు అడుగుదూలం కింద దిమ్మలు, పక్కలకి ఊతకర్రలు పెడతారు. తర్వాత ఒక కర్ర ఉంచి ఒక కర్ర మారుస్తారు. తీసిన కర్రనీ పారెయ్యరు. దాని వంపే కొత్తదానికి అచ్చు! కోసేటప్పుడు పుచ్చు దగ్గరే ఆగకుండా గట్టి చెక్క తగిలేదాకా వెళతారు. కొస మాత్రమే పోతే ఏటవాలు అతుకు వేస్తారు. అతుకు పొడవు చెక్క మందానికి ఎనిమిది రెట్లయినా ఉండాలన్నది వాడుక సూత్రం.

తిన్నని దూలంలోంచి వంపుగా కోసిన కర్రలో నార తెగిపోతుంది. అల కొడితే అక్కడే విరుగుతుంది. అందుకే సహజంగా ఒంగిన కొమ్మ కావాలి. అందుకు మన తుమ్మ ఉంది! నాగలికి మా ఊరి వడ్రంగి ఒంగిన తుమ్మకొమ్మ వెతికేదీ ఇందుకే. గోదావరి లేకపోయినా ఈ పాఠం పాలకుర్తికి తెలుసు.

ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ రేవులో 1765 నాటి 'విక్టరీ' యుద్ధనౌక ఉంది. దానికి 2022లో మొదలుపెట్టిన పెద్ద మరమ్మతులోనూ ఇదే తంతు. పలకలు విప్పడం, పుచ్చినవి తియ్యడం, కొత్త ఓక్ కర్ర బిగించడం!

మన 'మాయాబజార్' (1957) కూడా 2010లో రంగులద్దుకుని మళ్ళీ థియేటర్లకొచ్చింది. పాత చిత్రానికి దక్కిన ఆ ఆదరం పాత పడవకీ దక్కొద్దూ? ఫైబర్ పడవలొచ్చాక చెక్కపనికి గిరాకీ తగ్గింది. గిరాకీ తగ్గితే కొడుక్కి ఉలి అందించే తండ్రీ తగ్గుతాడు.

కర్రలన్నీ మారాక అది పాత పడవేనా అంటారా? వంపు మారనంతవరకు అదే పడవ! ఆ వంపు తెలిసిన చేతులే కరువైతే మాత్రం మనకి తెరమీది పడవే మిగులుతుంది.

అప్పుడు గోదావరి ఒడ్డున ఉన్నవాళ్ళు కూడా పాలకుర్తివాళ్ళే!