మూలల్లో పాచి.. యాసిడ్‌తో ముప్పు
నీటి ట్యాంకుల శుభ్రతలో ఏమరుపాటు తగదు

జగ్గయ్యపేట, నందిగామ: మేడపై ట్యాంకు, నేలలోని సంపు కడిగిన కొద్ది రోజులకే మళ్లీ పచ్చబడటం గృహస్థులకు కొత్తేమీ కాదు. గోడలు శుభ్రంగానే కనిపిస్తాయి. గొట్టం వంపు కింద, నిచ్చెన మెట్ల వెనుక, అడుగు మూలల్లో చీపురు అందక పాచి మిగిలిపోతుంది. తిరిగి వ్యాపించేది అక్కడి నుంచే. ఈత కొలనుల నిర్వాహకులదీ ఇదే అవస్థ. కాకపోతే ట్యాంకు నీటిని వంటకు, తాగడానికి కూడా వాడుతుంటారు.

పాచి పెరగడానికి వెలుతురు, నీటిలోని లవణాలు చాలు. పగిలిన మూత సందులోంచి పడే ఎండ కూడా ఎక్కువే. నీరు వచ్చే గొట్టం, పోయే గొట్టం ఒకే వైపు ఉంటే ఎదుటి మూలల్లో నీరు కదలదు. వేసిన క్లోరిన్ అక్కడికి చేరదు.

2022లో కృష్ణా జిల్లా నుంచి విడివడి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ మెట్ట ప్రాంతంలో మరో చిక్కుంది. సిమెంటు కర్మాగారాలకు ఆధారమైన సున్నపురాయి వల్లనే బోరునీటికి కాఠిన్యం వస్తుంది. గోడలకు పేరుకునే తెల్లని గార గరుకుగా ఉండి పాచికి పట్టు దొరుకుతుంది.

ప్రాణాంతక మిశ్రమం

గార వదలడానికి మరుగుదొడ్లకు వాడే యాసిడ్‌ను, పాచి చావడానికి బ్లీచింగ్ పొడిని ఒకేసారి వేయడం అత్యంత ప్రమాదకరం. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915లో బెల్జియంలోని ఈప్రె వద్ద జర్మన్ సేనలు యుద్ధంలో ప్రయోగించిన వాయువు ఇదే. గాలి కంటే సుమారు రెండున్నర రెట్లు బరువైనది కనుక పైకి పోక సంపు అడుగునే నిలుస్తుంది. లోపల వంగి రుద్దుతున్న మనిషి ముఖానికి నేరుగా తగులుతుంది. ఎవరైనా పడిపోతే కాపాడబోయి వెంటనే దిగడం మరో ప్రాణానికి చేటు. 108కు కబురు చేయాలి.

గార తీయడానికి గీకుడే మేలు. ప్లాస్టిక్ ట్యాంకులకు ఇనుప బ్రష్ వాడరాదు. గీతలు పడితే అవే పాచికి కొత్త నెలవులు. పొడవాటి కర్రకు నైలాను బ్రష్ కట్టి మూలలను, గొట్టం వంపులకు పాత పళ్ల బ్రష్‌తో రుద్దాలి. ముందు రుద్ది, మురికినీరు తోడాకే క్లోరిన్ వేయాలి. పాచి మందంగా ఉండగా వేస్తే పైపొరతోనే దాని బలం ఖర్చయిపోతుంది.

33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పొడి వెయ్యి లీటర్లకు 150 గ్రాములు సరిపోతుంది. బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే పోయాలి. ట్యాంకు నిండా నీరు పట్టి, వాసన వచ్చేవరకు కుళాయిలన్నీ విప్పి కట్టేయాలి. 12 గంటలు ఉంచి ఆ నీటిని పారబోయాలి. దానిని తాగరాదు, పశువులకు పెట్టరాదు.

సంపులోకి దిగేముందు మోటారు స్విచ్ ఆపి, మూత చాలాసేపు తెరిచి ఉంచాలి. పైన మరొకరు కాపు ఉండాలి. తెరిచిన బ్లీచింగ్ సంచి తేమకు, ఎండకు సత్తువ కోల్పోతుంది కనుక నిరుటి పొడితో పాచి పోలేదని మోతాదు రెట్టింపు చేయడం కంటే కొత్త పొడి కొనడమే చౌక.